వంగిన మెడకు కాస్త విడుపు



సంక్రాంతి వెళ్లి మిరప కోతలు ఊపందుకున్నాక, అద్దంకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా దగ్గరకు ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో మెడ పట్టుకుని వచ్చేవాళ్లు బాగా కనిపిస్తారు. "మెడ పట్టేసిందండీ" అంటారు ఒకరు. "ఇక్కణ్ణుంచి రెక్క దాకా లాగుతోంది" అని భుజం చూపిస్తారు ఇంకొకరు. కొందరు ఎక్స్‌రే కవరు బల్ల మీద పెట్టి, కూర్చోకముందే "మెడ పూసలు అరిగిపోయాయట, ఇక నయం కాదంట గదా" అని అడుగుతారు. ఆ ఎక్స్‌రే నేను చూస్తాను. అయితే దానికంటే ముందు ఒక మాట అడుగుతాను: పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీ తల ఎటు వంగి ఉంటుంది, ఎంతసేపు వంగి ఉంటుంది? మెడ నొప్పికి మందు చాలావరకు ఆ జవాబులోనే దొరుకుతుంది. ఈ ప్రసంగం దాని గురించే.

మన ప్రాంతంలో పనులు ఎలాంటివో చూడండి. మిరప చేలో సాలు పట్టుకుని కోసే ఆడమనిషి రెండు చేతులూ చెట్టులో ఉంటాయి, కళ్లు చేతుల మీద ఉంటాయి. మోకాలికి కాస్త పైదాకా ఉన్న చెట్టులో అడుగు కొమ్మ దగ్గర కాయ కోయాలంటే నడుముతోపాటు మెడా వంగాల్సిందే. కోత అయ్యాక కాయ కల్లంలోకి వస్తుంది. ఎండిన కాయలో తాలు ఏరడం, తొడిమలు తీయడం కూర్చుని చేసే పనే కాబట్టి చూసేవాళ్లకు సుఖంగా కనిపిస్తుంది. మెడకు మాత్రం కోతకంటే అదే కష్టం. కోతలో మనిషి అడుగు ముందుకు వేస్తుంది, బుట్ట ఎత్తుతుంది, నీళ్లకు లేస్తుంది. తాలు ఏరేటప్పుడు కుప్ప ఒడి దగ్గరే ఉంటుంది, గడ్డం రొమ్మును తాకుతుంది, వేళ్లు తప్ప ఒళ్లు కదలదు. పూటంతా అంతే.

పత్తి తీత కథ ఇంకో రకం. చెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పై కాయల దగ్గర నిలబడి తీయొచ్చు, కింది కాయలకు వంగాలి. నడుముకు కట్టుకున్న ఒడి నిండేకొద్దీ ముందుకు లాగుతుంది. మందు కొట్టే మగవాళ్లకు వీపున పదహారు లీటర్ల ట్యాంకు. అంటే నీళ్ల బరువే 16 కిలోలు, ట్యాంకు బరువు అదనం. పట్టీలు భుజాల మీద కోస్తుంటే తల దానంతటదే ముందుకు వెళుతుంది. ఊళ్లోకి వస్తే కుట్టుమిషను ముందు కూర్చునే అమ్మాయి, చీరాల వేటపాలెం వైపు గుంటమగ్గంలో కాళ్లు దించి పడుగు మీదకు వంగే నేతన్న, బళ్లో పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారు, కొట్టు గల్లాపెట్టె దగ్గర ఖాతా పుస్తకం రాసే శెట్టిగారు, వీళ్లందరికీ ఉండేది అదే వంపు. రాత్రి ఈ అందరూ ఇంటికొచ్చి, మంచం మీద చేరగిలబడి, పగలంతా వంగిన మెడనే మళ్లీ ఫోను మీదకు వంచుతారు.

మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. దాన్ని మోసేవి ఏడు పూసలు, వాటి వెనక పక్కన ఉండే కండరాలు. తల నిటారుగా భుజాల మీద ఉన్నంతసేపూ పూసలే ఎక్కువ బరువు మోస్తాయి, కండరాలకు పెద్ద శ్రమ ఉండదు. తల ముందుకు వంగితే అది కింద పడకుండా వెనక కండరాలు పట్టి లాగాలి. నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడవడానికీ, అదే బిందెను చెయ్యి చాచి ముందుకు పట్టుకోవడానికీ తేడా ఎంతో ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బరువు మారదు, దూరం మారుతుంది, చెయ్యి విరిగిపోతున్నట్టుంటుంది. న్యూయార్కులో వెన్నెముక శస్త్రచికిత్స చేసే కెన్నెత్ హన్స్‌రాజ్ అనే వైద్యుడు 2014లో ఈ లెక్క కట్టారు. తల 15 డిగ్రీలు వంగితే మెడ మీద పడే భారం సుమారు 12 కిలోలు, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27. అరవై డిగ్రీలంటే దాదాపు మన తాలు ఏరే వంపే, ఫోను ఒళ్లో పెట్టుకుని చూసే వంపే.

ఈ అంకెలు కంప్యూటరులో నమూనా కట్టి వేసిన లెక్కలు. మనుషుల మెడల్లో యంత్రం పెట్టి కొలిచినవి కావు. ఈ మాట ఎందుకంటే, ఆ 27 కిలోలు విని కొందరు భయపడి మెడ వంచడమే మానేస్తారు, కర్రలా బిగపట్టి నడుస్తారు. అదీ మంచిది కాదు. మెడ వంగడానికే పుట్టింది. వంచడంలో తప్పు లేదు. వంచి, వంచినచోటే వదిలేయడంలో ఉంది ఇబ్బంది. కండరం బిగిసి అలాగే ఉండిపోతే దానికి రక్తం సరిగా అందదు, అలసట తీరదు, అది గట్టిపడి నొప్పి పుడుతుంది. అదే కండరం బిగిసి, సడలి, మళ్లీ బిగిస్తే రోజంతా పని చేస్తుంది. అందుకని "ఎలా కూర్చోవాలి డాక్టరుగారూ" అని అడిగేవాళ్లకు నేను ఒకే ఒక్క మంచి భంగిమ చూపించి పంపను. ఎంత నిటారుగా కూర్చున్నా గంటల తరబడి అలాగే ఉంటే అదీ నొప్పే.

ఇప్పుడు ఆ ఎక్స్‌రే కవరు దగ్గరకు వద్దాం. పూసలు అరిగాయన్న మాట మన ఊళ్లలో మనుషుల్ని ఎంత కుంగదీస్తుందో నేను చూస్తూనే ఉంటాను. జపానులో నకషిమా అనే వైద్యుడూ ఆయన బృందమూ మెడలో ఏ నొప్పీ లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీశారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇరవైల్లో ఉన్నవాళ్ల నుంచి డెబ్బైల్లో ఉన్నవాళ్ల దాకా అందులో ఉన్నారు. వాళ్లలో నూటికి 87 మందికి పైగా మెడ పూసల మధ్య మెత్తలు ఉబ్బి కనిపించాయి. ఒక్కరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే పూసలూ వయసుతో మారతాయి. బొమ్మలో మార్పు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని కాదు, ఆ నొప్పి తగ్గదనీ కాదు. వయసు పైబడిన రైతు మెడ ఎక్స్‌రేలో ఏ అరుగుదలా లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అరిగిందని విని పని మానేసి, మెడకు పట్టీ వేసుకుని, నెలల తరబడి తీయకుండా తిరిగేవాళ్లున్నారు. దెబ్బ తగిలినప్పుడో ఆపరేషను తర్వాతో వైద్యులు వేయమన్న పట్టీ సంగతి వేరు. మామూలు నొప్పికి దాన్ని వదలకుండా వేసుకుంటే, మోసే పని లేక మెడ కండరాలు బలం కోల్పోతాయి.

మనసు బరువు కూడా మెడ మీద పడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర బాగా పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టి, కాయ కల్లంలో ఉండగా ధర కోసం చూస్తూ, నిద్రలేక గడిపే మనిషి భుజాలు తెలియకుండానే చెవుల దాకా లేచి ఉంటాయి. దిగులూ నిద్రలేమీ ఉన్నవాళ్లకు మెడ నొప్పి త్వరగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది. అలాంటి రైతుకు వ్యాయామం ఒక్కటే చెప్పి పంపితే సగం వైద్యమే చేసినట్టు. ఇంట్లోవాళ్లు కాసేపు పక్కన కూర్చుని మాట్లాడాలి, ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టేలా చూడాలి.

మన ఇళ్లలో చిట్కాల సంగతి. పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంటే దిండు ఎండలో వేయమంటారు పెద్దవాళ్లు. వేయండి, నష్టమేమీ లేదు. నిద్రలో పట్టేసిన మెడ సాధారణంగా కొద్ది రోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. దిండు ఎండే ఆ కొద్ది రోజులూ మెడను మెల్లగా కదుపుతూ ఉంటే ఇంకా త్వరగా సర్దుకుంటుంది. ఉప్పు మూటతో కాపడం మంచిదే, కండరం సడలుతుంది. చర్మం కాలకుండా చూసుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఈనాటికీ మన అలమరల్లో ఉంటుంది. రాసుకుంటే హాయిగా ఉంటుంది, కాసేపు నొప్పి మరుస్తాం. ఆ మరచిన పావుగంటలో మెడ కదిపితే దాని వల్ల నిజమైన మేలు ఉంటుంది.

మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు. క్షవరం అయ్యాక తల రెండు చేతులతో పట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి టక్కున తిప్పించుకోవడం మన మగవాళ్లలో చాలామందికి అలవాటు. మెడ పూసల్లోని సందుల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు రెండు పోతుంటాయి. ఒక్క కుదుపుతో తల తిప్పితే ఆ ధమని లోపలి పొర చిరగవచ్చు, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. 2024లో బళ్లారిలో ముప్పై ఏళ్ల యువకుడికి క్షవరశాలలో ఇలా మెడ తిప్పించుకున్నాక పక్షవాతం వచ్చింది. అంతకుముందు 2022లో హైదరాబాదులో యాభై ఏళ్ల మహిళ బ్యూటీ పార్లరులో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా తల తిరిగి, వాంతులై ఆసుపత్రి పాలయ్యారు, అదీ పక్షవాతమే. ఆ సంగతిని నరాల వైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్ బయటపెట్టి అందర్నీ హెచ్చరించారు. ఇలాంటి పక్షవాతం గురించి అమెరికా వైద్యుడు మైకేల్ వైన్‌ట్రాబ్ 1993లోనే రాశారు. ఇది అరుదే. అయినా ఒక్క టక్కుమనే శబ్దం కోసం అంత ప్రమాదం ఎందుకు? క్షవరం చేసే అన్నకు ముందే చెప్పండి: "మెడ తిప్పొద్దన్నా, నూనె పెట్టి మెల్లగా రుద్దు చాలు."

ఇప్పుడు, రేడియో వింటూనే నాతోపాటు కొన్ని చేయండి. వంట దగ్గర ఉన్నవాళ్లు స్టవ్ తగ్గించండి. బండి నడుపుతున్నవాళ్లు మాత్రం చేయకండి, ఊరికే వినండి.

ముందుగా కుర్చీలోనో అరుగు మీదో కూర్చుని పాదాలు రెండూ నేల మీద ఆనించండి. గాలి పీలుస్తూ భుజాలు రెండూ చెవుల దాకా ఎత్తండి. అలా రెండు క్షణాలు ఆపి, గాలి వదులుతూ భుజాల్ని జారవిడవండి. మళ్లీ ఎత్తండి, వదలండి. మూడోసారికి భుజాలు ఇందాకటికంటే కిందికి దిగినట్టు మీకే తెలుస్తుంది. అంటే ఇంతసేపూ అవి పైకి ఎగబట్టి ఉన్నాయన్నమాట.

తర్వాత గడ్డం. ఎదురుగా గోడ మీద క్యాలెండరునో దేవుడి పటాన్నో చూడండి. చూపు కదపకుండా, తల పైకీ కిందికీ వంచకుండా, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగండి. గొంతు కింద రెండో గడ్డం ఏర్పడాలి. అద్దంలో చూసుకుంటే అందంగా ఉండదు, ఫరవాలేదు. మెడ వెనక, తల మొదట్లో సన్నగా సాగుతున్నట్టు ఉంటే సరిగ్గా చేస్తున్నారు. మనసులో ఐదు లెక్కపెట్టి వదలండి. తాలు ఏరేటప్పుడూ ఫోను చూసేటప్పుడూ ముందుకు జారిపోయే తలను తిరిగి భుజాల మీదకు తెచ్చేది ఈ కదలికే. ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉందంటే దీన్నే నేర్చుకోండి.

ఇప్పుడు తల మెల్లగా కుడివైపు తిప్పి, భుజం మీదుగా వెనక ఏముందో చూసే ప్రయత్నం చేయండి. ఎంత దూరం తేలిగ్గా వెళితే అంతే. మధ్యకు వచ్చి ఎడమవైపు. ఆ తర్వాత కుడి చెవిని కుడి భుజం వైపు వాల్చండి. భుజం చెవి దగ్గరకు రాకూడదు, చెవే భుజం వైపు వెళ్లాలి. రెండోవైపు కూడా. గుండ్రంగా తల తిప్పడం చాలామంది చేస్తుంటారు. తల తిరిగేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు దాని అవసరం లేదు.

ఇక రెక్కలు. మోచేతులు మడిచి నడుముకు ఆనించి, వీపున రెండు రెక్క ఎముకలూ దగ్గరకు వచ్చేలా మోచేతుల్ని వెనక్కి నెట్టండి. రొమ్ము విచ్చుకుంటుంది. ఐదు లెక్కపెట్టి వదలండి. చివరగా అరచెయ్యి నుదుటి మీద పెట్టి, తలతో చేతిని ముందుకు నెట్టండి, చెయ్యి తలను కదలనివ్వకూడదు. అలాగే తల వెనక, రెండు పక్కలా. నెట్టే బలం కొంచెమే చాలు. వీటిలో ఏది చేసినా చెయ్యి పొడుగునా తీగలాగా నొప్పి పాకితే అక్కడితో ఆపేయండి.

ఇంతా కలిపితే మూడు నిమిషాలు పట్టలేదు. పొద్దునే అరగంట చేసి రోజంతా మరచిపోయేకంటే, ఈ మూడు నిమిషాల పనిని రోజులో ఐదారుసార్లు చేయడం మేలు. అమెరికాలోని మిన్నెసోటాలో మెడ నొప్పి ఉన్న 272 మందిని మూడు బృందాలు చేసి, ఒక బృందానికి మందులు, ఒక బృందానికి నిపుణుల చేత మెడ పూసల చికిత్స, ఒక బృందానికి ఇంటి దగ్గర చేసుకునే ఇలాంటి మెల్లని కదలికలు ఇచ్చారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఇంట్లో చేసుకున్నవాళ్లకు పూసల చికిత్సతో దాదాపు సమానంగా, మందులకంటే బాగా తగ్గింది. వాళ్లకు చెప్పింది కూడా రోజుకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు, కొద్దికొద్దిగా చేయమనే.

నొప్పి తగ్గాక బలం పెంచుకోవాలి. డెన్మార్కులో లార్స్ అండర్సన్ అనే పరిశోధకుడి బృందం 198 మంది ఆఫీసు ఉద్యోగులతో చేసిన పని నాకు చాలా ఇష్టం. రబ్బరు తాడు కాలి కింద తొక్కిపట్టి, రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని, చేతుల్ని పక్కలకు భుజం ఎత్తు దాకా లేపడం, దించడం. ఒక బృందం రోజుకు 12 నిమిషాలు, ఇంకొకటి రోజుకు రెండే నిమిషాలు, వారానికి ఐదు రోజులు చేశాయి. పది వారాలకు రెండు బృందాల్లోనూ మెడ, భుజాల నొప్పి తగ్గింది. రెండు నిమిషాలవాళ్లకు కూడా. రబ్బరు తాడు కొనక్కర్లేదు. సైకిలు షాపులో పనికిరాని ట్యూబు అడిగితే ఇస్తారు. బెత్తెడు వెడల్పు పొడుగు ముక్క కోసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. మా దగ్గరకు వచ్చే కుట్టుపని అమ్మాయిలకు నేను చేయించేది దాంతోనే.

పని ఎత్తు మార్చుకోవడం అన్నిటికంటే సులువు. తాలు ఏరేవాళ్లు నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చునే బదులు, జానెడు ఎత్తు పీట మీద కూర్చుని, కాయను ఎదురుగా మోకాలి ఎత్తు బల్ల మీదో రెండు టిక్కీల (మిర్చి బస్తాల) మీద పరిచిన చెక్క మీదో పోసుకుంటే, మెడ వంపు బాగా తగ్గుతుంది. కుట్టుమిషను దగ్గర స్టూలు తక్కువ ఎత్తుదైతే భుజాలు పైకి లేస్తాయి, ఎక్కువైతే మెడ దిగుతుంది. మోచేతులు మిషను బల్లకు సమానంగా ఉండేలా సర్దుకోవాలి. సూది దగ్గర వెలుతురు చాలకపోతే ఎంత మంచి స్టూలైనా తల దగ్గరకు వెళ్లిపోతుంది, కాబట్టి ముందు దీపం మార్చండి. మందు ట్యాంకు పట్టీలు రెండూ సమానంగా బిగించి, వీపుకు అంటుకునేలా కట్టుకోండి. నిండా నింపకుండా పన్నెండు లీటర్లతో నాలుగుసార్లు ఎక్కువ తిరగడం మెడకు మేలు. నలభై కిలోలు దాటే మిర్చి టిక్కీని ఒక్కరే మెడ మీద వేసుకుని లారీ ఎక్కించడం కంటే ఇద్దరు పట్టడం, బండి మీద తోయడం మంచిది. గుంటూరు యార్డులో హమాలీ అన్నల మెడ వెనక గట్టిపడిన చర్మం చూసినప్పుడల్లా, వాళ్లకు చక్రాల బండ్లు ఇంకా ఎక్కువ ఉండాలని నాకు అనిపిస్తుంది.

ఫోనును కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి, మోచెయ్యికి దిండు ఆసరా పెట్టుకోండి. భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడుతూ బండి నడపడం మెడకే కాదు, ప్రాణానికే చేటు. పడుకునేటప్పుడు పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు దిండు భుజానికీ తలకూ మధ్య సందును నింపేంత ఎత్తు ఉండాలి, వెల్లకిలా పడుకునేవాళ్లకు పల్చటిది చాలు. బోర్లా పడుకుంటే రాత్రంతా మెడ ఒకవైపే తిరిగి ఉంటుంది, ఆ అలవాటు వదులుకోవాలి. నులక మంచం జోలెలా దిగిపోయి ఉంటే నులక బిగించుకోండి. రోజూ నడవండి. చేతులు ఊపుతూ నడిస్తే మెడా భుజాలూ వాటంతటవే కదులుతాయి. శనివారం సింగరకొండ ఆంజనేయస్వామి దగ్గరకు వెళ్లేవాళ్లు, ఓపికుంటే, పైన నరసింహస్వామి గుడి దాకా మెట్లెక్కి రండి.

ఇక్కడ రైతులతో, మేస్త్రీలతో ఒక మాట. ఇందాకటి నుంచీ నేను చెప్పినవి తమ పని తమ చేతిలో ఉన్నవాళ్లు చేసుకోగలరు. కోసిగి, ఆదోని, పెద్దకడుబూరు వైపు నుంచి పిల్లాపాపలతో మన మిరప చేలకు వలస వచ్చే కూలీలు ఏం చేయగలరు? కోసిన కాయ తూకం మీద కూలి అయితే, మెడ ఎత్తిన ప్రతి నిమిషం వాళ్లకు డబ్బు పోయినట్టే. "మధ్యమధ్యలో లేచి మెడ తిప్పమ్మా" అని వాళ్లకు చెప్పడం నాకు సిగ్గుగా ఉంటుంది, ఆ వీలు ఇవ్వాల్సింది వాళ్లకు పని ఇచ్చేవాళ్లు కాబట్టి. కాలిఫోర్నియాలో వంగి స్ట్రాబెర్రీలు కోసే కూలీలకు, నిమ్మజాతి మొక్కలకు అంట్లు కట్టేవాళ్లకు గంటకోసారి ఐదు నిమిషాల విరామం ఇచ్చి చూశారు. 2007లో అచ్చయిన ఆ పరిశోధనలో కూలీల ఒళ్లు నొప్పుల తీవ్రత స్పష్టంగా తగ్గింది. పని ఎంత జరిగిందన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది, అదీ దాచకుండా చెప్పాలి. కొంత పని తగ్గినా ఆ ఐదు నిమిషాలు ఇవ్వాలనే నేను అంటాను. మన పంట కోసే మెడలు అవి. తూకం కూలి అయినచోట ఆ విరామానికి కూడా కూలి కట్టండి.

ఇక, ఇంటి వైద్యంతో కూర్చోకూడని సందర్భాలు జాగ్రత్తగా వినండి. చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడ్డాక మెడ నొప్పి వస్తే, మెడ కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతిలో పట్టు తగ్గి గిన్నెలు జారిపోతుంటే, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతుంటే, నడకలో కాళ్లు తడబడుతుంటే, మూత్రం మీద అదుపు తప్పితే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండవచ్చు, ఆలస్యం చేయొద్దు. తీవ్రమైన జ్వరం, తలనొప్పితో మెడ కొయ్యబారితే మెదడు పొరల వాపు కావచ్చు. రాత్రిళ్లు తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వైద్యులకు చూపించండి. ఛాతీలో బిగువు, చెమటలతోపాటు నొప్పి మెడకో దవడకో ఎడమ చేతికో పాకితే అది గుండెపోటు కావచ్చు. మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయినా పక్షవాతం కావచ్చు. వీటికి అమృతాంజనం రాస్తూ తెల్లవారేదాకా చూడకండి, 108కి ఫోను చేయండి. ఒంగోలు, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మనకు దగ్గరలోనే ఉన్నాయి.

ఇవేవీ లేని మామూలు నొప్పి మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, దగ్గరలోని ఫిజియోథెరపిస్టుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఎక్స్‌రేతో పాటు, మీరు పని చేసేటప్పుడు పక్కవాళ్ల చేత ఫోనులో ఒక ఫొటో తీయించి తీసుకెళ్లండి. కల్లం దగ్గరైతే కల్లం దగ్గర, మిషను దగ్గరైతే మిషను దగ్గర. తల ఎంత వంగుతోందో, పీట ఎంత ఎత్తు పెంచాలో ఆ ఫొటో చూసి చెప్పగలం.